పీహెచ్‌డీలో మనోవిశ్లేషణ తప్పనిసరిగా నేర్పాలా?

బరంపురం_శారద
నమస్తే అండీ. మాది బరంపురం. ఇప్పుడు న్యూయార్క్‌లో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ప్రోగ్రాంలో మనోవిశ్లేషణకి, అంటే ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మాటల చికిత్సకి, పెద్దపీట వేస్తారు. సెలవులకి ఇంటికొస్తే ఇక్కడ ఎమ్మే చదివే పిల్లలు "అక్కా, ఫ్రాయిడ్ ఇంకా ఉన్నాడా?" అని నవ్వుతున్నారు. అక్కడైనా ఇక్కడైనా డాక్టరేట్ చేసేవాళ్ళకి ఇది తప్పనిసరిగా నేర్పాలంటాను. పేషెంట్ మన మీద విసుక్కున్నా, అతిగా మెచ్చుకున్నా, చెప్పకుండా రావడం మానేసినా దాని వెనక ఏముందో, అప్పుడు మనలో ఏం కదిలిందో చూడడం ఇంకే పద్ధతిలోనూ ఇంత శ్రద్ధగా నేర్పరు. ముందే ఒక మాట. పీహెచ్‌డీతో ఎవరూ ఎనలిస్ట్ (మనోవిశ్లేషకుడు) అయిపోరు. అది డిగ్రీ తర్వాత వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చదవాలి. అక్కడ తాము స్వయంగా ఎనలిసిస్ చేయించుకోవాలి, పర్యవేక్షణలో కేసులు చూడాలి, సెమినార్లకి హాజరవ్వాలి. 1920లలో బెర్లిన్‌లో మొదలైన పద్ధతి అది. నేను దాని గురించి అడగడం లేదు.

జయపురం_కాఫీ
44 శాతం. బ్రిటన్ సైకాలజిస్ట్ ఐసెంక్, 1952. గూగుల్ చేసుకోండి.

రాయగడ_రవి
శారద గారూ, నేను రాంచీలో ఎంఫిల్ చేసి రాయగడ జిల్లాలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మీ దగ్గర ఐదారేళ్ళ చదువు. ఇక్కడ మామూలు సైకాలజీ పీహెచ్‌డీ ఉంటే లైసెన్స్ రాదు. ఆర్‌సీఐ (మాకు లైసెన్స్ ఇచ్చే కేంద్ర మండలి) గుర్తించిన క్లినికల్ కోర్సు ఉండాలి, నేను చేసిన రెండేళ్ళ ఎంఫిల్ లాంటిది. 2022లో యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది, మా సబ్జెక్టుకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఆ రెండేళ్ళలో ఐక్యూ పరీక్షలు, రోర్‌షాక్ సిరా మరకల పరీక్ష, పిల్లల కేసులు, మత్తు కేసులు, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స) అన్నీ కుక్కాలి. సైకోడైనమిక్ (మనోవిశ్లేషణ నుంచి పుట్టిన పద్ధతి) పాఠం కూడా ఉంటుంది, లేదనడం లేదు. ఇంకా పెంచాలంటే ఏది తీసేస్తారు? కాశీపూర్ నుంచి నా ఓపీకి వచ్చే మనిషి ఒక రోజు కూలి వదులుకుని వస్తాడు. నెలకోసారి వస్తే గొప్ప. అతన్ని మనోవిశ్లేషణలో లాగా వారానికి నాలుగుసార్లు సోఫా మీద పడుకోమంటారా?

బరంపురం_శారద
వారానికి నాలుగుసార్లు అని నేనెక్కడన్నానండీ? ఎనలిస్ట్ చదువు వేరని మొదటి పోస్టులోనే రాశాను. చదవకుండా జవాబిస్తున్నారు.

పర్లాకిమిడి_మాస్టారు
అమ్మా, ఇదంతా అమెరికా వ్యవహారం అనుకుంటున్నారు మనవాళ్ళు. 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించాడు కూడా, మీ యూరప్ పేషెంట్లలో కనిపించేవన్నీ మావాళ్ళలో అంత గట్టిగా లేవని. పక్క రాష్ట్రంలో వందేళ్ళ కిందట జరిగింది మనకి తెలీదు!

జయపురం_కాఫీ
మాస్టారూ, బోస్ సంగతి సరే. 44 శాతం సంగతి చెప్పండి.

గుణుపురం_గౌరి
నేను సైకాలజీ చదవలేదు. మా తమ్ముడి సంగతి చెప్తాను. చేతులు తోలు ఊడేదాకా కడిగేవాడు. పెద్ద నగరంలో పేరున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాం. వారం వారం రైలెక్కి వెళ్ళేవాళ్ళం. ప్రతిసారీ చిన్నప్పటి ముచ్చట్లే, అమ్మ ఎలా పెంచింది అనే. మా అమ్మ కుమిలిపోయింది, తనవల్లే కొడుకు ఇలా అయ్యాడని. తర్వాత ఇంకొకరు ఓసీడీ (వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు) అని తేల్చి, మురికి ముట్టుకోమని, చెయ్యి కడక్కుండా ఆగమని కొంచెం కొంచెంగా అలవాటు చేయించారు. ఇప్పుడు షాపు చూసుకుంటున్నాడు. ఆ మొదటాయన తిన్న డబ్బు ఎవరిస్తారు? మీ పీహెచ్‌డీలిస్తాయా?

బరంపురం_శారద
గౌరి గారూ, ఓసీడీకి మొదట చేయాల్సింది ఆ రెండోవారు చేసిందే. మా ప్రోగ్రాంలోనూ అదే చెప్తారు. మీకు తగిలింది చదువు సరిగ్గా రాని మనిషి.

గుణుపురం_గౌరి
అంతేలెండి. నయమైతే సిద్ధాంతం గొప్ప, నయం కాకపోతే మనిషి చెడ్డ.

కోరాపుట్_కిరణ్
గౌరక్క మాటకి లైక్ 👍

జయపురం_కాఫీ
ఎవరూ చెప్పట్లేదు గనక నేనే చెప్తా. మనోవిశ్లేషణ చేయించుకున్నవాళ్ళలో బాగుపడింది 44 శాతం. ఏ థెరపీ లేకుండా మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళలో 72. చర్చ అయిపోయింది.

బరంపురం_శారద
అవ్వలేదు. మధ్యలో మానేసినవాళ్ళందరినీ ఐసెంక్ 'బాగుపడలేదు' ఖాతాలో వేశాడు. వాళ్ళని తీసేస్తే 44 కాస్తా 66 అవుతుంది. అదీగాక 1952 దగ్గరే ఆగిపోతే ఎలా? 2010లో షెడ్లర్ అనే సైకాలజిస్ట్ 'అమెరికన్ సైకాలజిస్ట్' పత్రికలో పాత పరిశోధనల ఫలితాలు కలిపి చూశాడు. సైకోడైనమిక్ థెరపీ మిగతావాటికి తీసిపోదని, థెరపీ ఆగాక కూడా మెరుగుదల సాగుతుందని రాశాడు.

జయపురం_కాఫీ
మానేసినవాడికి నయమైనట్టా? అయినా షెడ్లర్ ఆ పక్షం మనిషే కదా.

రాయగడ_రవి
కాఫీ గారూ, ఆ అంకె వదిలెయ్యండి బాబూ. శారద గారూ, నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, మీరు న్యూయార్క్‌లో కూర్చుని 'తప్పనిసరి' అంటున్నారు. మీరుండే దేశంలోనే 1988 దాకా వైద్యం చదవని సైకాలజిస్టులని పెద్ద మనోవిశ్లేషణ ఇన్‌స్టిట్యూట్లు మామూలుగా రానివ్వలేదు. కోర్టుకెక్కితే గానీ తలుపు తియ్యలేదు. ఆ తలుపు తెరుచుకుందని ఇప్పుడు మమ్మల్ని కూడా దాని ముందు క్యూ కట్టమంటున్నారు.

బరంపురం_శారద
ఎద్దేవా చాలు. ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. కాశీపూర్ మనిషికి మీరు ఎంతసేపిస్తారు?

రాయగడ_రవి
పది నిమిషాలు. రద్దీ లేని రోజు పదిహేను.

బరంపురం_శారద
అదే మనిషి బరంపురంలో కారు దిగొచ్చే వ్యాపారి అయితే ప్రైవేటులో గంట కూర్చోబెడతారు. అంటే డబ్బున్నవాడికి గతం ఉంటుంది, కూలివాడికి లక్షణాలే ఉంటాయి. మాత్ర, కాగితం ముక్క ఇచ్చి పంపేస్తే సరి. ఈ తేడా మీకు మామూలైపోయింది. నాకు కోపం అందుకు, ఫ్రాయిడ్ కోసం కాదు.

రాయగడ_రవి
మామూలైపోయిందా? రోజూ చూస్తున్నవాడితో అనే మాటేనా ఇది? అతనికి గంట ఇస్తే బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళకి ఊరికెళ్ళే ఆఖరి బస్సు పోతుంది. వాళ్ళలో మూర్ఛ వచ్చే పిల్లాడుంటాడు, పురుగుమందు తాగి బతికిన ఆడపిల్ల ఉంటుంది. ఎవరిని రేపు రమ్మని పంపాలో మీ చదువులో ఏ సెమిస్టర్‌లో నేర్పుతారు?

బరంపురం_శారద
నేర్పరు. కానీ మీరు ఉన్న క్యూకి సరిపడా మనుషులని తయారు చేయమంటున్నారు. రేపు జిల్లాకి పదిమందిని వేసినా, గంటసేపు కూర్చుని వినడం వచ్చినవాడు ఒక్కడూ ఉండడు.

రాయగడ_రవి
ముందు ఆ పదిమందిని వెయ్యమనండి. అప్పుడు నేనే సెలవు పెట్టి వచ్చి నేర్చుకుంటా. అప్పటిదాకా క్యూకే నేర్పాలి.

బరంపురం_శారద
అప్పటిదాకా అంటే ఎప్పటిదాకా?

పర్లాకిమిడి_మాస్టారు
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. బోస్ గురించి నేను రాసినదానికి ఎవరూ బదులివ్వలేదు.

ఛత్రపురం_చిన్ని
అక్కా, అన్నా, నేను ఎమ్మే ఆఖరి సంవత్సరం. ఇప్పుడు దేనికి అప్లై చెయ్యాలి?

రాయగడ_రవి
ఆర్‌సీఐ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో వాళ్ళ సైట్‌లో చూసుకో చెల్లీ. కాలేజీవాళ్ళ నోటిమాట నమ్మకు.

బరంపురం_శారద
వారానికి ఎన్ని గంటలు సూపర్‌విజన్ ఇస్తారో, ఒక కేసుని ఎన్ని నెలలు చూడనిస్తారో అది కూడా అడుగు చిన్నీ.

రాయగడ_రవి
ముందు లైసెన్స్.