తడి పొదల్లో నడవడానికి గొంగడి పనికొస్తుందా, రెయిన్‌కోటే మేలా?

కొండదారి:
మొన్న శ్రావణంలో నల్లమల అంచున ఒక గుట్ట ఎక్కాం. వాన కురిసింది అరగంటే. ఆ తర్వాత రెండు గంటలు మమ్మల్ని తడిపింది పొదలే. నడుమెత్తు గడ్డి, లాంటానా, రేగు కంప, ఏది తగిలినా నీళ్లు కుమ్మరించాయి. నా రెయిన్‌కోటు రేగుముల్లుకి తగులుకుని చంక నుంచి అంచు దాకా చిరిగింది. లోపల చొక్కా చెమటతో పిండేలా ఉంది. అదే దారిలో ఒక గొర్రెల కాపరి నల్ల గొంగడి ముసుగేసుకుని ఎదురొచ్చాడు. గొంగడి మీద నీళ్లు పూసల్లా నిలిచాయి. ఒక్కసారి దులిపాడు, రాలిపోయాయి. లోపల భుజం పొడిగా ఉంది. పొదల్లో నడకకు గొంగడిని మించింది లేదని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

బరువులెక్క:
నేను కాదంటాను. మా తాత గొంగడి ఇంట్లోనే ఉంది, పొడిగా ఉన్నప్పుడే తూకం వేస్తే 2 కిలోల పైమాట. నా రెయిన్‌కోటు 300 గ్రాములు. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు, నిజమే. కానీ ఆ నీటిని మోసేది మన భుజాలే కదా! బాగా నానితే ఒక పట్టాన ఆరదు. మర్నాడు కూడా నడవాల్సి ఉంటే ఏం చేస్తారు? పైగా ఉత్తరేణి గింజలు. గొంగడికి పట్టాయంటే సాయంత్రమంతా ఏరుకుంటూ కూర్చోవాలి.

మందవెంట:
మాది పాలమూరు వైపు, కురుమల ఇల్లు. మా నాయన వానలో కర్ర మీద గడ్డం ఆనించి మందలో గంటలకొద్దీ నిలబడతాడు. నిలబడ్డ మనిషికి వెచ్చదనం కావాలి, గొంగడి ఉన్నది అందుకు. చినుకు తగ్గగానే మడిచి భుజాన వేసుకుంటాడు. గుట్ట ఎక్కేటప్పుడు కప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో మాట. ఏ గొంగడి మీద పడితే ఆ గొంగడి మీద నీళ్లు జారవు. దక్కని గొర్రె నల్లబొచ్చు చేత్తో వడకాలి, పడుగుకి చింతగింజల గంజి పట్టించాలి, గుంట మగ్గం మీద నేయాలి. కొత్తది చేతికి అట్టలా బిరుసుగా తగులుతుంది. బొచ్చులో గొర్రె ఒంటి జిడ్డు ఉంటుంది, నీటిని ఆపేది అదే. సబ్బు పెట్టి ఉతికారంటే ఆ గుణం పోయినట్టే. మాంసానికి వేరే జాతుల గొర్రెలు పెంచడం ఎక్కువయ్యాక ఆ బొచ్చు దొరకడమే కష్టమైంది. నాకు బాధ కలిగించేది అదే. గొంగడి పేరుతో మిల్లు దారపు దుప్పటి కొని, వానకి ఆగలేదని మా పనివాళ్లను తిట్టకండి.

గోదారిగట్టు:
మా వైపు తాటాకు గిడుగు ఉండేది. నెత్తిన పెట్టుకుంటే వీపంతా కప్పుతుంది, రెండు చేతులూ ఖాళీ. వంగి నాట్లు వేసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? మేఘాలయలో ఖాసీ రైతులు వెదురుతో, ఆకులతో అల్లుకునే క్నుప్ కూడా అలాంటిదే. అయితే మారేడుమిల్లి దగ్గర గిడుగుతో పొదల్లోకి దిగి చూశాను. అంచు ప్రతి కొమ్మకీ తగులుతుంది, మెడ వెనక్కి లాగేస్తుంది. పది నిమిషాల్లో తీసి చేత పట్టుకున్నాను. పైనుంచి పడే వానకి అది సరే, పక్కనుంచి కొట్టే తడిని ఏం ఆపుతుంది?

కొండదారి:
మందవెంట అన్నా, నేను చూసిన కాపరి కూడా దిగుతూ వస్తున్నాడు, మేమే ఎక్కుతున్నాం. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు. ఎక్కుడు దారికి గొంగడి వద్దు, ఒప్పుకున్నా. కానీ బరువులెక్క గారూ, చిరిగిన రెయిన్‌కోటు కింద తడి కాటన్ చొక్కాతో గుట్ట మీద గాలికి కూర్చుంటే నాకు పళ్లు కొట్టుకున్నాయి. తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది, తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది. దీనికేమంటారు?

బరువులెక్క:
అది కాటన్ తప్పు, రెయిన్‌కోటుది కాదు. లోపల పల్చటి ఉన్ని బనియను వేసుకోండి, పైన ముల్లుకి ఆగే మందపు గుడ్డ కోటు. మోకాళ్ల కింద ఎలాగూ తడుస్తాం, ఏది కప్పుకున్నా. ఆగిన చోట కప్పుకోవడానికి గొంగడి బాగుంటుందంటే కాదనను. 2 కిలోలు గుట్ట పైదాకా ఎవరు మోస్తారో మీలో మీరే తేల్చుకోండి.

మందవెంట:
నలుగురు వెళ్తే ఒక్కటి చాలు తమ్ముడూ, వంతులేసుకుని మోయండి. మా నాయన గొంగడి కింద వానలో ముగ్గురం పిల్లలం కూర్చునేవాళ్లం.