గ్రీకు పురాణ కథలనుబట్టి ఆ సమాజపు విలువలను ఎలా గుర్తించాలి?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు) అడిగిన ప్రశ్న:

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాచీన గ్రీసు గురించి చెబుతూ, ట్రోజన్ యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగివస్తున్న గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌ను, అతని అనుచరులను గుహలో బంధించిన ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్ కథ వినిపించాను. కథ పూర్తికాగానే ఒక అబ్బాయి లేచి, "టీచర్, ఇంటి మనిషి లేనప్పుడు లోపల దూరి అతని చీజు తిన్నది వాళ్లే గదా, మరి ముందు తప్పు చేసిందెవరు?" అని అడిగాడు. వాళ్ల నాన్న గొర్రెల కాపరి. మందలో ఒక పిల్ల పోయినా ఎంత నష్టమో తెలిసిన ఇల్లు వాళ్లది. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

ఈ కథలు గ్రీకుల విలువలకు అద్దం పడతాయని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. కాని వాటిలో దేవతలే మోసాలు చేస్తారు, స్త్రీలను ఎత్తుకుపోతారు, తండ్రిని కొడుకు గద్దె దించుతాడు. అటువంటి కథలనుంచి ఒక సమాజం దేన్ని మంచి అనుకుందో, దేన్ని చెడు అనుకుందో ఏ ఆధారంతో చెప్పగలం? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

చిత్రావతి (ధర్మవరం):

టీచర్ గారూ, దేవతల నడవడి చూసి మీకు కలిగిన ఇబ్బంది గ్రీకులకు కూడా కలిగింది. మనుషుల్లో సిగ్గుచేటుగా భావించే దొంగతనం, వ్యభిచారం, మోసం మొదలైనవన్నీ హోమర్, హెసియడ్ అనే ప్రాచీన కవులు దేవతలకు అంటగట్టారని క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిన జెనోఫనీస్ అనే కవి, తాత్త్వికుడు ఆక్షేపించాడు. అందువల్ల దేవతలు ఎలా ప్రవర్తించారన్నది పక్కనబెట్టి, ఏ పని చేసినందుకు ఎవరికి శిక్ష పడిందో గమనిస్తే దారి దొరుకుతుందని నా అభిప్రాయం.

మీ విద్యార్థి అడిగిన కథనే తీసుకుందాం. అతిథికి, ఆతిథ్యమిచ్చేవాడికి మధ్య ఉండవలసిన పరస్పర ధర్మాన్ని గ్రీకులు 'క్సేనియా' అన్నారు. దానికి రక్షకుడు సాక్షాత్తు దేవతల రాజు జ్యూస్. ఒక ఊరి కట్టుబాటు పక్క ఊరిలో చెల్లని ఆ కాలంలో, ఓడ పగిలి తెలియని ఒడ్డుకు కొట్టుకువచ్చినవాడికి ఈ ధర్మం తప్ప వేరే అండ లేదు. ఆ ధర్మానికి ఒక క్రమం ఉంది. ముందు తిండి పెట్టాలి, ఆ తర్వాతే పేరూ ఊరూ అడగాలి. ఒడిస్సియస్ తిరుగుప్రయాణాన్ని చెప్పే హోమర్ కావ్యం ఒడిస్సీలో, ఫయేషియన్లు అనే జాతివారి రాజు ఆల్కినస్ పరదేశిగా వచ్చిన ఒడిస్సియస్‌కు విందు చేసి, ఆటలు చూపించి, కానుకలు సమకూర్చిన తర్వాత గాని అతని పేరు అడగడు. పందులు కాచే యుమేయస్ బానిస. అయినా బిచ్చగాడి వేషంలో వచ్చిన ఒడిస్సియస్‌కు తనకున్నదాంట్లోనే వండి పెట్టి, పరదేశులూ బిచ్చగాళ్లూ అందరూ జ్యూస్ పంపినవారే అంటాడు. మా పల్లెల్లో ఎండన పడి వచ్చినవాడికి చెంబుతో నీళ్లిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టిన తర్వాతే "యా ఊరప్పా మీది?" అని అడగడం చూసి పెరిగినవారికి ఈ క్రమాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

పాలిఫెమస్ ఈ క్రమాన్ని పూర్తిగా తలకిందులు చేస్తాడు. కనబడగానే మీరెవరు, సముద్రపు దొంగలా అని అడుగుతాడు. తమకు జ్యూస్ లెక్క లేదంటాడు. పూటకు ఇద్దరి చొప్పున మూడు పూటల్లో ఆరుగురిని తింటాడు. చివరికి, నిన్ను అందరికంటే ఆఖరున తింటాను, అదే నీకు నేనిచ్చే కానుక అంటాడు. అతిథికి కానుక ఇవ్వడమనే ఆచారం తెలిసిన శ్రోతలకు ఈ మాట ఎంత ఘోరంగా వినిపించి ఉంటుందో ఊహించండి.

ఒంటిమిట్ట పాఠకుడు (కడప):

నేను తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. చిత్రావతి గారు చెప్పిన పద్ధతి ఎంత ఉపయోగపడుతుందో మన కథ ఒకటి పక్కనపెట్టి చూస్తే బాగా తెలుస్తుంది.

శ్రీనాథుని హరవిలాసంలో చిరుతొండ నంబి కథ ఉంది. శివుడు జంగమ వేషంలో అతిథిగా వచ్చి నరమాంసం కోరితే, ఆ దంపతులు కన్నకొడుకు సిరియాళుణ్ణి చంపి వండి వడ్డిస్తారు. శివుడు సంతోషించి బిడ్డను బతికిస్తాడు, వారికి కైలాసం లభిస్తుంది. గ్రీకు కథలో టాంటలస్ అనే రాజు కూడా దేవతలను విందుకు పిలిచి కొడుకు పెలాప్స్‌ను వండి పెడతాడు. దేవతలు అసహ్యించుకుంటారు. కూతురు పోయిన దుఃఖంలో పరధ్యానంగా ఉన్న పంటల దేవత డిమీటర్ మాత్రం భుజం ముక్క తినేస్తుంది. బిడ్డను మళ్లీ బతికించినప్పుడు ఆ భుజాన్ని దంతంతో చేసి పెడతారు. టాంటలస్ పాతాళంలో గొంతుదాకా నీళ్లలో నిలబడినా తాగబోతే నీళ్లు ఇంకిపోతాయి, పండ్లు అందుకోబోతే కొమ్మలు గాలికి ఎగిరిపోతాయి.

జరిగిన పని ఒకటే. ఒకరికి కైలాసం దక్కింది, మరొకరికి తీరని ఆకలిదప్పులు మిగిలాయి. మన కథలో కోరినవాడు దేవుడు, ఇచ్చినవాడు భక్తుడు. ఇవ్వడానికి హద్దు లేదని చూపించడమే కవి ఉద్దేశం. గ్రీకు కథలో దేవతలకు అన్నీ తెలుస్తాయో లేదో పరీక్షించాలని మనిషి అనుకున్నాడు. మర్త్యుడు తన హద్దు దాటి దేవతలతో సరితూగబోవడం గ్రీకులకు అన్నిటికంటే పెద్ద అపరాధం.

ఇంకొక్క సంగతి. క్రీ.పూ. 476లో సిరక్యూస్ పాలకుడు హియరాన్ గుర్రప్పందెం గెలిచినప్పుడు పిండార్ అనే కవి ఒక విజయగీతం రాశాడు. దేవతలు నరమాంసం తిన్నారని నేను చెప్పలేను, అది ఇరుగుపొరుగువారు అసూయతో పుట్టించిన మాట అని అందులో అంటాడు. టాంటలస్ దేవతల అమృతాన్ని దొంగిలించి తన తాగుడు స్నేహితులకు పంచడమే నేరమని కథనే మార్చేస్తాడు. ఒక కథను తరువాతి కవి ఎక్కడ మార్చాడో చూస్తే, అప్పటి మనుషులు దేన్ని భరించలేకపోయారో అక్కడ కనిపిస్తుంది. నాకు ఈ మార్పులే మూలకథలకంటే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

పండితులవారు చెప్పిన ఆ పెలాప్స్ మనవడే ట్రోజన్ యుద్ధానికి సేనాపతి అయిన అగమెమ్నాన్. నేను ఇరవై ఏళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. ఈ వంశం కథ చదివినప్పుడల్లా మన సీమలో కక్షలు పట్టి తరతరాలుగా మనుషులను పోగొట్టుకున్న ఇళ్లే నా కళ్లముందు మెదులుతాయి. ఓడలకు గాలి కోసం అగమెమ్నాన్ కూతురు ఇఫిజినియాను బలి ఇస్తాడు. దానికి పగగా భార్య క్లైటెమ్‌నెస్ట్రా అతన్ని చంపుతుంది. తండ్రి పగ తీర్చడానికి కొడుకు ఒరెస్టీస్ తల్లినే చంపుతాడు. రక్తానికి రక్తం అడిగే ఎరినీస్ అనే ఉగ్రదేవతలు అతని వెంట పడతారు.

క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఈస్కిలస్ అనే నాటకకర్త ఈ కథను మూడు నాటకాలుగా ప్రదర్శించాడు. చివరి నాటకంలో ఆ నగరదేవత ఎథీనా ఏరియోపాగస్ గుట్టమీద న్యాయస్థానం ఏర్పాటు చేసి, పౌరులను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెడుతుంది. ఓట్లు సమానమైతే నిందితుడు విడుదల అవుతాడని ముందే ప్రకటిస్తుంది. ఓట్లు సమానమవుతాయి. ఈ ప్రదర్శనకు మూడు నాలుగేళ్ల ముందే ఏథెన్స్‌లో అదే న్యాయస్థానం అధికారాలను చాలావరకు తగ్గించి, ముఖ్యంగా హత్యకేసుల విచారణకు పరిమితం చేశారు. కాబట్టి ప్రేక్షకులకు అది పాతకథ మాత్రమే కాదు, తమ కళ్లముందు నడిచిన రాజకీయం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాతి ఘట్టం. ఓడిపోయిన ఉగ్రదేవతలను ఎథీనా తరిమివేయదు. ఎంతో ఓపికతో నచ్చజెప్పి, వారికి నగరంలోనే గౌరవస్థానం ఇస్తుంది. తీర్పుతో కేసు ముగుస్తుంది గాని కోపం ముగియదని, దానికి ఊరిలోనే ఒక చోటు చూపించాలని కవికి తెలుసు. రాజీ చేయించిన తర్వాత కూడా పగ చల్లారని ఊళ్లను చూసినవాడిగా నేను ఈ మాట అంటున్నాను.

అయితే అదే నాటకంలో, తల్లి కన్నది కాదు, తండ్రి విత్తనాన్ని మోసింది మాత్రమే అని అపోలో దేవుడు ఒరెస్టీస్ తరఫున వాదిస్తాడు. ఏథెన్స్ సభలో స్త్రీకి ఓటు లేదు. పిల్లలకు ఈ కథ చెబితే ఈ భాగాన్ని దాటవేయవద్దని మనవి.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. సిరియాళుడి కథ మా పిల్లల్లో చాలామందికి తెలుసు కాబట్టి రేపు దానితోనే మొదలుపెడతాను. కాని ఆ అబ్బాయికి ఇవ్వవలసిన సమాధానం ఇంకా మిగిలే ఉంది. పాలిఫెమస్ తప్పు అర్థమైంది. ఒడిస్సియస్ చేసినది తప్పని హోమర్ ఎక్కడైనా ఒప్పుకున్నాడా?

చిత్రావతి (ధర్మవరం):

కొంతవరకు ఒప్పుకున్నాడు టీచర్ గారూ. ఒడిస్సీ తొమ్మిదో సర్గలో అనుచరులు, చీజూ మేకపిల్లలూ తీసుకుని వెంటనే ఓడ ఎక్కుదామని బతిమాలుతారు. గుహ యజమాని అతిథి కానుక ఇస్తాడేమో చూద్దామని ఒడిస్సియస్ ఆగుతాడు. "నేను వారి మాట వినలేదు, విని ఉంటే ఎంతో మేలయ్యేది" అని తానే ఆల్కినస్ సభలో చెబుతాడు. అయితే అతను చింతించేది పోయిన మనుషుల గురించే గాని, చెప్పకుండా తిన్న చీజు గురించి కాదు. అదే సర్గ మొదట్లో సికోనులు అనే జాతివారి పట్టణాన్ని కొల్లగొట్టి, మగవారిని చంపి, స్త్రీలను పంచుకున్న సంగతి ఏ సంకోచమూ లేకుండా చెబుతాడు. అతిథిని తినడం ఆ సమాజానికి మహాపాపం, పరాయి పట్టణాన్ని దోచుకోవడం వీరుల పని. మీ విద్యార్థి వేలు పెట్టి చూపించింది సరిగ్గా ఈ చోటునే. ఆ మాట అతనికి తరగతిలో అందరి ముందూ చెప్పండి.