అప్‌డేట్: యుద్ధంలో చనిపోయిన సెనేటర్ గురించి అడిగాను కదా

పదవిలో ఉన్న అమెరికా సెనేటర్ యుద్ధంలో ఎలా చనిపోయాడని ఇంతకుముందు అడిగాను. ఎడ్వర్డ్ బేకర్ పేరు చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. ఆ తర్వాత ఆయన గురించి చాలా చదివాను.

1811లో లండన్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. ఇల్లినాయ్‌లో లాయర్, లింకన్‌కు ప్రాణస్నేహితుడు. లింకన్ తన రెండో కొడుక్కి ఈయన పేరే పెట్టుకున్నాడు! మెక్సికో యుద్ధంలో కల్నల్, తర్వాత కాలిఫోర్నియా, 1860లో ఆరెగాన్ నుంచి సెనేటర్.

అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక సెనేట్ సీటు వదులుకోకుండానే ఉత్తరం తరఫున కల్నల్‌గా రెజిమెంట్‌ను నడిపాడు. 1861 అక్టోబర్ 21న వర్జీనియాలోని బాల్స్ బ్లఫ్ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు, ఆయన వైపు ఓడిపోయింది. వెనక పొటోమాక్ నది, దాటడానికి పడవలు చాలవు. వెనక్కి పారిపోతూ ఎంతోమంది సైనికులు నీళ్లలో మునిగిపోయారు. మరింతమంది సైనికులను నది దాటించాలన్న నిర్ణయం బేకర్‌దే. ధైర్యం ఉంది కానీ ముందుచూపు లేదనిపించింది నాకు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది బేకర్ పై అధికారి జనరల్ చార్లెస్ స్టోన్ సంగతి. ఆ ఓటమి నింద ఆయన మీద పడింది. ఏ నేరారోపణా, విచారణా లేకుండా 1862లో ఆరు నెలలు జైల్లో పెట్టారు. బేకర్‌కు దక్కిన గౌరవంలో కొంతైనా ఆయనకు దక్కాల్సింది. ఇప్పుడు స్టోన్ గురించి చదువుతున్నాను.