వైజాగ్‌లో ఉండేవాళ్లూ, మీకు ఇక్కడ ఏం నచ్చుద్ది, ఏం నచ్చదు?

మాది అనంతపురం, ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చుని పేపర్ పొట్లంలో మురీ మిక్చర్ తింటుంటే ఇంకే ఊరూ వద్దనిపిస్తుంది, కానీ ఆ ఉక్కపోత బాబోయ్, స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ చెమట. మీ సంగతేంటి?

రిప్లై 1:
ఏటి గురూ, ఉక్కపోతకే ఇలాగైపోతే ఎలా? మా వన్ టౌన్ రండి ఓపాలి. డాబా మీద తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి పోర్టు బొగ్గు నల్లపొడి, కిటికీ ఊచ మీద వేలెడితే అచ్చు పడిపోద్ది. ఇల్లు మారదామంటే మా అమ్మ ఒప్పుకోదు, పొద్దున్నే హార్బర్‌కెళ్లి తాజా వంజరం చేప తెచ్చుకోడం ఇంకెక్కడ కుదురుద్ది అంటాది.

రిప్లై 2:
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నా. మర్నాడు చూస్తే కొండలన్నీ బోడి, చెట్టుకి ఆకు లేదు, మా వీధిలో కరెంటొచ్చేసరికి వారం. మళ్లీ పచ్చబడ్డాయి కదా, అదే నాకిష్టం. నచ్చనిదంటే ఆదివారం భీమిలి రోడ్డు ట్రాఫిక్.

రిప్లై 3:
బీచ్ బాగుంటాది గానీ ఆర్కే దగ్గర మాత్రం నీళ్లలోకి దిగకండి బ్రో, అల లోపలికి లాగేస్తాది.

ప్రశ్న అడిగినవారు:
నాకు ఈతే రాదు అన్నా 😅 వంజరం ఎన్నింటికెళ్తే దొరుకుద్దో చెప్పండి.