ఫోస్టర్‌కి వచ్చిన కుక్క తిండి ముట్టట్లేదు

ప్రశ్న: దత్తత కుదిరేదాకా మా ఇంట్లో ఉంచుకోడానికి (ఫోస్టర్) రెస్క్యూ కుక్క నిన్ననే వచ్చిందండీ. పిల్ల కాదు, పెద్దదే. సోఫా వెనక నక్కింది, నీళ్లు తప్ప ఏమీ ముట్టట్లేదు. దత్తతకి ఫొటోలు ఎప్పుడు పెట్టొచ్చు?

జవాబు 1: దాన్ని బయటికి లాగకండి. గిన్నె దగ్గర్లో పెట్టి మీరు తప్పుకోండి, 20 నిమిషాలకి తీసేయండి. ఇదివరకు తిన్న తిండే పెట్టండి. మార్చాలంటే 7 రోజులు పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ మార్చాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. 48 గంటలు దాటినా తినకపోయినా, ఈలోపు వాంతులైనా డాక్టర్‌కి చూపించండి.

జవాబు 2: బయటికి తీసుకెళ్లేటప్పుడు కాలర్‌కీ, హార్నెస్‌కీ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) విడివిడిగా లీష్ తగిలించండి. బెదిరి వెనక్కి గుంజితే వదులు కాలర్ తల మీంచి జారిపోతుంది. కాలర్ కింద రెండు వేళ్లు పడితే చాలు.

జవాబు 3: ఫొటోలకి తొందరేం లేదండీ, తోక ముడుచుకున్న ఫొటో దానికి అన్యాయం చేస్తుంది. ఈలోగా పిల్లలతో, పిల్లులతో, ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటోందో రాసిపెట్టండి. తీసుకునేవాళ్లు అడిగేది అదే.