పిల్లల కేసులు రాసుకునే యాప్ చేస్తున్నా, ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు కొంచెం చెప్తారా

తిరుపతి_కోడర్:
ఇక్కడ రైల్వే స్టేషన్, బస్టాండ్‌లో ఒంటరిగా దొరికే పిల్లలతో పనిచేసే ఒక చిన్న సంస్థకి యాప్ చేసిస్తున్నా. ఇప్పుడు వాళ్లు నోట్‌బుక్‌లో రాసుకుని, సాయంత్రం ఎక్సెల్‌లో కొట్టి, మళ్లీ రిపోర్టుకి వేరేగా టైప్ చేస్తారు. యాప్‌లో పేరు, వయసు, ఊరు, ఇల్లు వదిలిన కారణం డ్రాప్‌డౌన్‌లో, అన్నీ కంపల్సరీ. పెద్దసార్లకి డాష్‌బోర్డ్ నచ్చింది కానీ ఫీల్డ్ అక్కావాళ్లు తెరవడమే లేదు. ఇంకోసారి ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందా, డిజైన్‌లోనే తేడా ఉందా?

పాకాల_అక్క:
ట్రైనింగ్ కాదు తమ్ముడూ. రాత్రిపూట ప్లాట్‌ఫాం మీద దొరికిన పిల్లోడు మొదట పేరు కూడా సరిగ్గా చెప్పడు, ఒకోసారి తమిళమో కన్నడమో తప్ప రాదు, అన్నం తిన్నాక ఒక ఊరు చెప్తాడు, తెల్లారి ఇంకో ఊరు చెప్తాడు. ఊరు నింపకపోతే నీ యాప్ ముందుకే పోనీయదంటే ఎవరైనా ఏదో ఒకటి కొట్టేస్తారు, అదే రికార్డులో నిజమై కూచుంటాది. నిన్న చెప్పిందీ ఈరోజు చెప్పిందీ రెండూ ఉండాల, ఎవరు ఎప్పుడు రాసినారో కూడా. ప్రయాణం టైం పోను 24 గంటల్లోపల పిల్లోడ్ని చైల్డ్ వెల్ఫేర్ కమిటీ (పిల్లోడు ఎక్కడుండాలో తేల్చే కమిటీ) ముందర పెట్టాల గదా, దానికి కావాల్సినవి మాత్రం ముందర అడుగు. ఇంక కారణం అంటావా, 'ఇంట్లో గొడవ' అని నొక్కితే ఏం తెలుస్తాది? నాయిన తాగొచ్చి కొడతాడా, బడి మాన్పించి పనికి పంపినారా, దాన్ని బట్టే గదా ఇంటికి పంపేదా వద్దా అని చెప్పేది. రాసుకునేదానికి పెద్ద జాగా ఇయ్యి.

చిత్తూరు_ఎమ్మెస్‌డబ్ల్యూ:
అక్క చెప్పింది కరెక్ట్. ఇంగ్లాండ్‌లో పిల్లల కేసులు రాసేదానికి ఇంటిగ్రేటెడ్ చిల్డ్రన్స్ సిస్టమ్ అని కంప్యూటర్ సిస్టం పెట్టినప్పుడు ఇదే జరిగింది, ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్లుంటే ఒక్కొక్కరికీ అదే సమాచారం మళ్లీ మళ్లీ ఎక్కించాలి, కుటుంబం కథంతా బాక్సుల్లో ముక్కలైపోయేది. రూల్స్, ఫారాల మీదే ధ్యాస పెరిగి పిల్లలతో గడిపే టైం తగ్గిపోయిందని 2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో అక్కడి ప్రభుత్వానికి రిపోర్ట్ ఇచ్చారు. నా మాటేంటంటే డాష్‌బోర్డ్ పక్కన పెట్టు, వాళ్లు ఒక్కసారి రాసిన నోట్స్ నుంచే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ (పిల్లల ఇల్లు, కుటుంబం పరిస్థితి మీద కమిటీకి ఇచ్చేది) డ్రాఫ్ట్ వచ్చేట్టు చెయ్యి, రెండోసారి టైపింగ్ తప్పిందంటే వాళ్లే తెరుస్తారు.

రేణిగుంట_డెవ్:
బ్రో, ఇంటి విజిట్‌కి కొండల పక్క పల్లెలకి పోతే సిగ్నల్ ఉండదు, ఆఫ్‌లైన్ తప్పనిసరి. మొత్తం కొత్తగా రాసేముందు ఫోన్‌లో ఫారాలు నింపే ఓపెన్ డేటా కిట్, పిల్లల కేసులు రాసుకునే యునిసెఫ్ వాళ్ల ప్రిమెరో రెండూ చూడు, ఓపెన్ సోర్సే. ఇంకో పెద్ద విషయం, పిల్లల ఫొటో ఫోన్ గ్యాలరీలో పడకూడదు, వాట్సాప్ షేర్ బటన్ పెట్టనే పెట్టొద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లల వివరాలు బయటపెడితే 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు ఫైన్, లేదా రెండూ. ఎవరి కేసు వాళ్లకే కనపడాలి.

తిరుపతి_కోడర్:
చాలా థాంక్స్. కంపల్సరీలు తీసేస్తా, ఈ వారం స్టేషన్‌లో వాళ్ల పక్కనే కూర్చుని చూస్తా. అక్కా, మీ నోట్‌బుక్ పేజీ ఒకటి ఫొటో పెడతారా?

పాకాల_అక్క:
పిల్లల పేర్లుండే పేజీ ఇక్కడ పెట్టను తమ్ముడూ. మాటల్లో చెప్తా. ఎడమపక్క పిల్లోడు చెప్పింది వాడి మాటల్లోనే, కుడిపక్క మేం చూసింది, అంటే దెబ్బలున్నాయా, నిద్రపోయినాడా, ఎవరి పేరు చెప్తే భయపడినాడు, అట్లాంటివి. కింద రేపు ఎవరికి ఫోన్ చెయ్యాలో. ఆ రెండు పక్కలూ మాత్రం కలిపెయ్యొద్దు, కమిటీలో అడిగేది అదే, వాడు చెప్పినాడా మీరు అనుకున్నారా అని.