బడి అంటే వణుకు, పుస్తకమంటే పానం. మీకు గిట్లనేనా?

మడికొండ_పోరడు:
మా బాపుది కిరాణం దుకాణం. పొట్లాలకని పాత వారపత్రికలు కిలోల లెక్కన తెచ్చేటోడు. నేను సదువు నేర్సింది గా కుప్ప మీదనే. కథ సగం సదివేసరికి తర్వాతి కాయితంల కందిపప్పు కట్టి ఎవలకో ఇచ్చేసేటోడు. ఒక కథల దొంగ దొరికిండో లేదో నాకిప్పటికీ తెల్వది! బడిల మాత్రం ఎనక బెంచి. తెలుగు వాచకం చేతికొచ్చిన రెండ్రోజులల్ల ఒడగొట్టేటోణ్ణి, అటెన్క ఏడాదంతా గవే ప్రశ్నలు, గవే జవాబులు. బట్టీ రాకుంటే గోడకుర్చీ. ఇంకెవలకన్నా గిట్లయిందా?

కాజీపేట_జంక్షన్:
మాది రైల్వే క్వార్టర్. నాయిన డ్యూటీ దిగి స్టేషన్‌లనే చందమామ కొనుక్కొచ్చేటోడు. ఇగ నాకు, అక్కకు కొట్లాటే. బేతాళ కథల ప్రశ్న వచ్చిందంటే అక్క కింద ఉన్న జవాబు మీద అరచెయ్యి పెట్టి "నువ్వు చెప్పు ముందుగాల" అనేది. బడిల గట్ల అడిగినోళ్లు లేరు, గైడుల ఉన్నది అప్పజెప్పితే అయిపాయె. 1947 జూలైల మొదలైన పత్రిక, మా పిల్లలు సదివే ఈడుకొచ్చేసరికి బందయింది.

హన్మకొండ_మనవరాలు:
మా తాత ముచ్చట ఇంకో తీరు. నిజాం కాలంల ఆయన బడి సదువంతా ఉర్దూలనే. తెలుగు పుస్తకం కావాలంటే హన్మకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి పోవుడే. దాన్ని 1904ల పెట్టిండ్రు. సచ్చేదాంక సంతకం ఉర్దూల చేసిండు, పొద్దుగూకితే తెలుగు పద్యాలు సదివిండు. బడి ఒక దిక్కు, ఇష్టం ఒక దిక్కు అయ్యుడు మనతోనే మొదలు కాలేదు.

రిటైర్డ్_తెలుగుసార్:
నన్ను తిట్టుకుంటారేమో గానీ చెప్తాను. వాచకంలో డిటెక్టివ్ నవల దాచుకుని చదివే పిల్లల దగ్గర గుంజుకున్న చేతులివే. ఇంటికి తీసుకుపోయి నేనే చదివేవాణ్ణి. (ఒకటి రెండు వాపసు ఇవ్వలేదు కూడా.) బడి బీరువాలో సర్కారు పంపిన కథల పుస్తకాలు ఉండేవి. ఒక్కటి పోయినా లెక్క చెప్పాల్సింది నేను. అందుకే తాళం వేసి పెట్టాను. ఇరవై ఏళ్లకు తీస్తే సగం చెదలు తిన్నాయి.

సిరిసిల్ల_చెల్లె:
అందరు బడినే అంటున్నరు. నాకు గా బడే దిక్కయింది. ఇంటికొస్తే ఒళ్లె చాట, తునికాకు కత్తిరించుడు, అమ్మకు వెయ్యి బీడీల లెక్క నిండేదాంక చుట్టుడు. బడిల ఉన్నంతసేపే నా వేళ్లకు సెలవు. మొదట్ల పుస్తకం మీద ప్రేమ గిట్ల ఏం లేకుండె. చేతుల పుస్తకముంటే అమ్మ పని చెప్పకపోయేది, గందుకే పట్టుకున్న. పట్టుకోంగ పట్టుకోంగ అలవాటైంది. మా తమ్ముడు మాత్రం పుస్తకం లేకున్నా ఖాళీగనే ఉండేటోడు, గది వేరే ముచ్చట.

మడికొండ_పోరడు:
చెల్లె, నీ మాటకు నా నోరు మూతపడ్డది. నన్ను దుకాణంల కూసోబెట్టింది బేరం నేర్వమనే గని, నేను కాయితాలు సదువుతుంటే బాపు ఏమనలేదు. మా అక్కను గట్ల ఎన్నడు కూసోనియ్యలే. ఇన్నేండ్లకు యాదికొస్తంది.

కాజీపేట_జంక్షన్:
మొన్న మా పిల్లగాన్ని గ్రంథాలయానికి తీస్కపోయిన. కుర్చీలన్నీ నిండినయ్, అందరు గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు తయారైతున్నోళ్లే. కథల పుస్తకాల అర మూలకున్నది, దుమ్ము దుమ్ము. ఆడు ఒకటి తీసి, కూసునే జాగ లేక నిలబడే సదివిండు.

రిటైర్డ్_తెలుగుసార్:
అర తెరిచే ఉంది కదా, నయం. పొద్దున తెరవంగానే తీసుకుపొండి, కుర్చీ దొరుకుతుంది. శుక్రవారం మాత్రం పోకండి, సెలవు.